కొసపేరు తెలియని కొరత

కోవిల్‌పట్టిలో పుట్టి పెరిగిన బాలబాలికలకు అగ్గిపెట్టెను గూర్చి మేము చెప్పనక్కరలేదు. పెట్టెపై అంటించిన చీటీ వేఱు, లోపలి పుల్లలు వేఱు. చీటీ చినిగినంత మాత్రమున పుల్ల మండుట మానదు. చీటీ అందముగా నున్నంత మాత్రమున తడిసిన పుల్ల మండదు. అట్లే విరుదునగరపు వర్తకులు బస్తాపై వ్రాసిన వ్రాత చూచి బేరము ముగింపరు. గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పోసికొని చూతురు. ఇట్టి వివేకము గల ఊళ్లలో నివసించుచున్న మనము, కంప్యూటరులోని ఫైళ్ల విషయమున మాత్రము చీటీని చదువము, సరకును పరీక్షింపము. ఆ అజాగ్రత్తకు మేము చెల్లించిన మూల్యమును ముందుగా చెప్పి, పిదప మా అభిప్రాయమును విన్నవించెదము.

మన ప్రాంతపు తెలుగువారి స్థితి పాఠకులకు తెలియనిది కాదు. తరతరములకు పూర్వము ఉత్తరమునుండి వచ్చి ఈ నల్లరేగడి నేలలో నాగలి పట్టినవారి సంతతి మనలో ననేకులు. ఇంట తెలుగు పలుకుదుము. బజారున తమిళము పలుకుదుము. ఇంట తెలుగు మాటలాడు పెద్దలలో తెలుగు లిపి చదువగలవారు తక్కువ. కోవిల్‌పట్టికి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు పలికియు తమిళమున వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిరి. తెలుగువారి వలస కథను ‘గోపల్ల గ్రామం’ అను నవలగా తమిళమునకే యిచ్చిరి. విరుదునగరము జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు కథనో, శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’గా తెలుగునకు ఇచ్చెను. ఈ రెండు భాషలును మనకు రెండు కన్నులు. కాని మన యింటి మాట మాత్రము నోట పుట్టి నోటనే పోవుచున్నది.

దానిని వ్రాసి నిలుపవలెనని మన విద్యార్థులు రెండేండ్ల క్రిందట పూనుకొనిరి. సెలవు దినములలో ఇల్లిల్లు తిరిగి, దుక్కి పనిముట్లకు, మబ్బులకు, ప్రత్తిచేని పురుగులకు, పిండివంటలకు, వరుసలకు పెద్దలు వాడు మాటలను నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. పాఠశాల కంప్యూటరులో ఎక్సెల్ పట్టిక యొకటి తెఱచి, ఒక నిలువు వరుసలో తెలుగు మాట, రెండవదానిలో తమిళార్థము, మూడవదానిలో ఇంగ్లీషు అర్థము, నాలుగవదానిలో ఊరిపేరు ఎక్కించిరి. పట్టిక 1,140 మాటలకు పెరిగెను. విరుదునగరములోని మా మిత్రుడైన తెలుగు ఉపాధ్యాయుడు ఒకరు తమ వైపు మాటలను చేర్చుటకు పట్టికను పంపుడని కోరిరి. ఆయన యంత్రము పాతది. మా ఫైలు అచ్చట తెఱచుకొనలేదు. “సి.ఎస్.వి.గా దాచి పంపుడు, అది ఎచ్చటనైనను తెఱచుకొనును” అని ఒకరు సలహా చెప్పిరి. మేము అట్లే చేసితిమి. యంత్రము ఏదో హెచ్చరిక చూపెను. చదువక ‘సరే’ అను మీట నొక్కితిమి. తెరపై తెలుగు చక్కగానే కనబడుచుండెను. పిమ్మట చూడగా ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనబడినవి. రెండును ఒకటే యని తలచి, పాతదానిని తుడిచివేసి, చెత్తబుట్టను సైతము ఖాళీ చేసితిమి.

మఱునాడు విరుదునగరమునుండి టెలిఫోను వచ్చెను. ఇచ్చట ఫైలు తెఱచిన తొమ్మిదవ తరగతి బాలిక “అయ్యా, అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయినాయి!” అని కేక వేసెను. తెలుగు వరుస పోయినది. తమిళ వరుస పోయినది. ఇంగ్లీషు వరుస ఒక్కటి మాత్రము చెక్కుచెదరక నిలిచినది.

విద్యార్థులు నిరుత్సాహపడక నోటుపుస్తకములు వెదకిరి. మరల ఇల్లిల్లు తిరిగిరి. ఇప్పటికి 800 మాటలు చేకూరినవి. ఒక ముసలమ్మ మొదటిసారి నలువదికి పైగా మాటలు చెప్పియుండెను. రెండవసారి వెళ్లునప్పటికి ఆమె లేదు. ఆమె మాటలు వ్రాసికొన్న బాలుడు, “అన్నియు కంప్యూటరులో నున్నవి గదా” యని నోటుపుస్తకమును పాతకాగితముల వానికి వేసియుండెను. ఆ బాలుని మేము మందలింపలేదు. తప్పు మాది.

జరిగినదేమో తెలిసికొందము. ఫైలు పేరు చివర చుక్క యొకటి, దాని తరువాత మూడు నాలుగు అక్షరములు ఉండును. ఇంగ్లీషున దీనిని ఎక్స్‌టెన్షన్ అందురు. మేము తరగతిలో ‘కొసపేరు’ అనుచున్నాము. మనుష్యునకు ఇంటిపేరు ముందుండును. ఫైలునకు కులగోత్రములు తెలుపు పేరు కొసనుండును. పట్టిక ఎక్సెల్ నేటి పద్ధతిలో నున్నచో ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. అనియు, దాని పాతపద్ధతిలో నున్నచో ఎక్స్.ఎల్.ఎస్. అనియు, లిబ్రె ఆఫీసు వంటి ఉచిత సాధనముల పద్ధతిలో నున్నచో ఓ.డి.ఎస్. అనియు, ఉత్త అక్షరములును కామాలును మాత్రమే యున్నచో సి.ఎస్.వి. అనియు కొసపేరుండును. విండోస్ యంత్రములు తమకు తెలిసిన కొసపేళ్లను మొదటినుండియు దాచియుంచును. అందుచేతనే రెండు వేఱు ఫైళ్లు మాకు ఒక్కటిగా కనబడినవి. కొసపేరు కనబడియున్నచో పాతదానిని తుడిచియుండెడివారము కాము.

కొసపేరు చీటీయే కాని సరకు కాదు. చీటీ మార్చినంతనే సరకు మారదు. సి.ఎస్.వి. ఫైలునకు ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. అని పేరు మార్చి చూడుడు. ఎక్సెల్ దానిని తెఱువ నిరాకరించును. ఏలన, నిజమైన ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. ఫైలు ఒక మూట. దాని మొదటి రెండు అక్షరములు ‘పి.కె.’, జిప్ అను మూటకట్టు పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరిటి పొడి అక్షరము లవి. అట్టి ఫైలునకు ప్రతి యొకటి తీసి, ఆ ప్రతికి జిప్ అను కొసపేరు పెట్టి విప్పినచో లోపల చిన్న చిన్న ఫైళ్లు కనబడును. వానిలో ఒకదానియందు మనము వ్రాసిన మాటలన్నియు వరుసగా నుండును. ఈ ప్రయోగము మన ప్రయోగశాలలో పది నిమిషములలో చేయవచ్చును. ఒకసారి చూచిన విద్యార్థి చీటీకిని సరకునకును గల భేదమును మరువడు.

ఇక అక్షరములు ప్రశ్నార్థకములగుటకు కారణము. కంప్యూటరు అక్షరము నెఱుగదు; అంకెనే యెఱుగును. ఏ అంకెకు ఏ అక్షరమో తెలుపు పట్టికలు పూర్వము దేశమునకొకటి, సంస్థకొకటి యుండెను. మేము తిరుపతిలో పండిత శిక్షణ పొందిన దినములలో తెలుగును ప్రత్యేకమైన ఫాంట్లతో అచ్చు కొట్టెడివారు. ఆ ఫాంటు లేని యంత్రమున అదే ప్రశ్నపత్రము తెఱచినచో ఇంగ్లీషు అక్షరముల కలగాపులగము కనబడెడిది. యూనికోడ్ అను సర్వలోక పట్టికలో 1991 నాటి మొదటి కూర్పునుండియే తెలుగునకును తమిళమునకును వేఱు వేఱు స్థానములు కలవు. ‘అమ్మ’ అను మాటకు అందు నాలుగు అంకెలు: అకారము, మకారము, పొల్లు, మరల మకారము. యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో ఈ నాలుగును పండ్రెండు బైట్లుగా దాచబడును.

మేము ఎన్నుకొన్న సి.ఎస్.వి. రకము యు.టి.ఎఫ్.-8 కాదు. అది యంత్రములోని పాత పట్టిక ననుసరించునది. ఆ పట్టికలో 256 గదులు మాత్రమే. అందు తెలుగునకుగాని తమిళమునకుగాని ఒక్క గదియు లేదు. గది దొరకని ప్రతి అంకెకు బదులు యంత్రము ఒక ప్రశ్నార్థకము వ్రాసి చేతులు కడుగుకొనెను. ‘అమ్మ’ నాలుగు ప్రశ్నార్థకములైనది. తెరపై నున్నది పాత పట్టికయే కనుక, మూసి తెఱచువఱకు నష్టము కనబడలేదు. ‘సి.ఎస్.వి. యు.టి.ఎఫ్.-8’ అను వేఱొక రకము అదే జాబితాలో ఉండెను, మేము చదువలేదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. కొన్నిసార్లు ప్రశ్నార్థకములు కాక, నెత్తిపై గీతలు గల వింత ఇంగ్లీషు అక్షరములు కనబడును. అప్పుడు భయపడనక్కరలేదు. అంకెలు చెడలేదు, యంత్రము తప్పు పట్టికతో చదివినది. యు.టి.ఎఫ్.-8గా చదువుమని చెప్పి మరల తెఱచినచో తెలుగు లేచి వచ్చును. ప్రశ్నార్థకములు కనబడినచో మాత్రము అంకెలే పోయినవి. మొదటిది మూర్ఛ, రెండవది మరణము. ఈ భేద మెఱుగక మూర్ఛిల్లిన ఫైలును దాచుమీట నొక్కి నిజముగా చంపువారును కలరు.

ఇది చిన్న ఊరి చిన్న బడిలో జరిగిన చిన్న నష్టమని కొందఱు తలపవచ్చును. పెద్ద దేశములలో జరిగినది వినుడు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ప్రయోగశాలలనుండి వచ్చిన సి.ఎస్.వి. ఫైళ్లను పాతపద్ధతి యగు ఎక్స్.ఎల్.ఎస్. పట్టికలలోనికి ఎక్కించుచుండెను. ఆ పాత పట్టికలో 65,536 అడ్డువరుసలకు మించి చోటు లేదు. మించినవి చడీచప్పుడు లేక జారిపోయినవి. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వఱకు 15,841 మంది రోగుల లెక్క అందువలన తప్పిపోయెను. వారితో మెలగినవారికి హెచ్చరిక సకాలమున అందలేదు. నేటి ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. పట్టికలో 10,48,576 వరుసలు పట్టును. ఒక్క అక్షరపు కొసపేరు తేడాలో ఎంత యంతరము!

అదే సంవత్సరమున జన్యువుల పేళ్లను నిర్ణయించు అంతర్జాతీయ సంఘము కొన్ని జన్యువుల పేళ్లనే మార్చినట్లు ప్రకటించెను. ఏలన, ‘మార్చ్-1’, ‘సెప్ట్-1’ అను పేళ్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచుండెను. శాస్త్రజ్ఞులే యంత్రమునకు తలవంచి పేళ్లు మార్చుకొనిరి! ఇట్టి అతితెలివి మన బడిలోను కీడు చేయును. విద్యార్థి వేతనమునకై బ్యాంకు ఖాతా అంకె పట్టికలో కొట్టునప్పుడు ముందున్న సున్నలు ఎగిరిపోవును. పదునైదు అంకెలకు మించినచో తక్కినవి సున్నలుగా మారును. ఆ గడులను ముందుగా ‘టెక్స్ట్’ అని నిర్ణయింపనిచో, అర్హత గల బిడ్డ సొమ్ము దారి తప్పును.

కొసపేరు ఎఱుగమి వలన దొంగలకును దారి ఏర్పడును. 2000వ సంవత్సరము మే నెలలో ప్రేమలేఖ పేరిట వచ్చిన ఒక ఫైలు లోకమునందలి లక్షలాది యంత్రములను చెఱచెను. దాని పేరులో టి.ఎక్స్.టి. అని కనబడెను, దాగియున్న నిజమైన కొసపేరు వి.బి.ఎస్. అనగా అది లేఖ కాదు, ఆజ్ఞల మూట. 2024లో మన దేశమున పెండ్లిపిలుపుల పేరిట వాట్సాప్‌లో ఎ.పి.కె. కొసపేరు గల ఫైళ్లు పంపి సొమ్ము అపహరించిన మోసములు బయటపడినవి. పెండ్లిపిలుపు బొమ్మగానో పి.డి.ఎఫ్. గానో ఉండును గాని ఫోనులో స్థాపించుకొను సాధనముగా ఏల యుండును? ఈ ఒక్క ప్రశ్న వేయగల బిడ్డ యున్న ఇంట దొంగ ప్రవేశింపడు. పట్టికలలో సైతము ఎక్స్.ఎల్.ఎస్.ఎమ్. అనునది మాక్రోలను, అనగా ఆజ్ఞలను, దాల్చగలది. ఎఱుగని చోటినుండి వచ్చినచో తెఱువరాదు.

ఇన్ని విధములైన పద్ధతులు ఏల పుట్టినవి? డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు 1979లో ‘విజికాల్క్’ అను తొలి పట్టిక సాధనమును ఆపిల్ యంత్రమునకై వెలువరించిరి. 1983లో లోటస్ వచ్చెను. 1985లో ఎక్సెల్ వచ్చెను. ఒక్కొక్క సంస్థ తన పద్ధతిని తన కొట్టు తాళముగా నుంచుకొనెను. సంస్థ మూతపడినచో తాళము పోవును. లోపలి సరకు మనదైనను మనకు దక్కదు. ఈ యిబ్బందిని తొలగించుటకు అందఱు చదువగల బహిరంగ పద్ధతులు ఏర్పడినవి. ఓ.డి.ఎస్. చేరిన ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతి 2006లోను, ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. చేరిన పద్ధతి 2008లోను అంతర్జాతీయ ప్రమాణములుగా అంగీకరింపబడినవి. మన కేంద్రప్రభుత్వము 2010లో పరిపాలనా వ్యవహారములకు బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించెను. ఇవి వ్యాపారుల వ్యాజ్యములు కావు. చిన్న భాషలవారికి ఇవియే కోటగోడలు. పెద్ద భాషల ఫైలు చెడినచో బాగుచేయుటకు వేయిమంది కలరు; మన పట్టిక చెడినచో మనమే బాగుచేసికొనవలెను.

ఈ విషయమున మాకు ఎదురైన ఆక్షేపణలు మూడు. “తెలుగు ఉపాధ్యాయునకు కంప్యూటరు గొడవ ఏల?” అనునది మొదటిది. తాటాకుల కాలమున పండితుడు గంటము పట్టుట, ఆకు ఆరవేయుట, పురుగు పట్టకుండ నూనె రాయుట ఎఱిగియుండెను. అక్షరము ఏ వస్తువుపై నిలుచునో ఆ వస్తువు లక్షణ మెఱుగుట అక్షరోపాధ్యాయుని ధర్మము.

రెండవది మఱింత బలమైనది: “మాటలను ఇంగ్లీషు లిపిలో కొట్టినచో ఈ బాధ లేదు గదా?” నిజమే, ఇంగ్లీషు వరుస చెడలేదు. కాని ళకార లకారములకు, ణకార నకారములకు ఆ లిపిలో వేఱు గుర్తులేవి? ఒత్తును సరళమును, హ్రస్వమును దీర్ఘమును కలిపివేసి నిలుపుకొన్నది మన మాట యగునా? పైగా ఈ బడిలో తెలుగు లిపి నేర్పుటయే మన పని. 2006 నాటి చట్టము ననుసరించి తమిళము మనకు తప్పనిసరి. అది మన రాష్ట్రభాష, దానిని ప్రీతితో నేర్చుకొందము. తెలుగు లిపి మాత్రము మనము పట్టుదలతో నిలుపుకొన్ననే నిలుచును. యంత్రమునకు సులభమని లిపిని వదలుట, చెప్పు కఱచినదని కాలు కోసికొనుట.

మూడవది: “పి.డి.ఎఫ్. చేసి దాచుడు, చాలును.” పి.డి.ఎఫ్. అచ్చు కాగితము వంటిది, చూచుటకు మంచిది. కాని మాటలను అకారాదిగా మార్చుటకు, కొత్తవి చేర్చుటకు అది తగదు. అచ్చు ప్రతి యొకటి ఉండవలసినదే. మూలము మాత్రము పట్టికగానే ఉండవలెను.

కావున మా సూచనలు ఇవి. మొదటిది, బడిలోని ప్రతి యంత్రమునందును ఫైళ్ల కిటికీలోని ‘వ్యూ’ అను చోట కొసపేళ్లు చూపు గడికి గుర్తు పెట్టవలెను. రెండవది, మూల పట్టికను ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. గాగాని ఓ.డి.ఎస్. గాగాని ఉంచి, దానిని ఎన్నడును తుడువరాదు. ఇతరులకు పంపునది ప్రతి మాత్రమే. మూడవది, సి.ఎస్.వి. చేయవలసివచ్చినచో యు.టి.ఎఫ్.-8 రకమునే ఎన్నుకొనవలెను, సి.ఎస్.వి.లో ఒక్క పట్టిక మాత్రమే నిలుచుననియు, సూత్రములు, రంగులు పోవుననియు మరువరాదు. నాలుగవది, దాచిన ఫైలును మూసి మరల తెఱచి చూచిన పిదపనే పంపవలెను. వర్తకుడు గింజను చూచునట్లు. ఐదవది, యంత్రము హెచ్చరిక చూపినచో చదివి, తెలియనిచో పెద్దల నడిగి, తరువాతనే మీట నొక్కవలెను. ఆఱవది, నోటుపుస్తకమును పాఱవేయరాదు.

ఈ ఆఱింటికి డబ్బు అక్కరలేదు. లిబ్రె ఆఫీసు ఉచితముగా దొరకును; సి.ఎస్.వి.గా దాచునప్పుడు ఏ అక్షర పట్టిక కావలెనో అది మనలనే అడుగును. వారమునకు ఒక్క పాఠము, ఒక మాసము చెప్పినచో ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఇదంతయు కరతలామలకమగును. కంప్యూటరు పాఠములలో బొమ్మలు గీయించుటకు వెచ్చించు కాలములో కొంత దీనికి మరల్చవలెనని మన ప్రధానోపాధ్యాయుల వారిని వినయముతో కోరుచున్నాము.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో, సముద్రముల కావలికో పోయెదరు. మీ అవ్వ పలికిన మాట మీతో రావలెనన్నచో అది ఫైలుగా రావలెను. ఫైలు క్షేమముగా రావలెనన్నచో దాని కొసపేరు మీరు చదువవలెను. మా పట్టికలో మూడువందల నలువది గడులు ఇంకను ఖాళీగా నున్నవి. వానిలో ఆ ముసలమ్మ గడులు ఎవ్వరును నింపలేరు. తక్కిన వానిని నింపగల అవ్వలు, తాతలు మీ యిండ్లలో ఇంకను ఉన్నారు. ఈ ఆదివారమే వారి దగ్గర కూర్చుండుడు.